కుండెడు నీళ్ళు - కొండంత ఎత్తు

సాలూరు దాటి, పాచిపెంట కొండల మీదుగా కోరాపుట్ వైపు ఎప్పుడైనా బస్సులో వెళ్ళారా? ఎక్కేటప్పుడు ఇంజను మూలుగుతూ ఒక్కొక్క మలుపే తిరుగుతుంది. తిరుగు ప్రయాణంలో బస్సు దానంతట అదే పరుగెత్తబోతుంది. డ్రైవరు అడుగడుగునా పట్టి ఆపుతూవుంటాడు. బ్రేకులు కాలిన వాసన మన ముక్కుకు తగులుతుంది. ఆ వేడి ఎక్కడిది? ఎక్కేటప్పుడు నూనె తగలేసి కొండమీద దాచిన శక్తిదే. దానికే స్థితిశక్తి అని పేరు.

పిల్లలు తికమకపడేది దీని తర్వాత వచ్చే మాటతో. పొటెన్షియల్ అన్నా స్థితిశక్తి అన్నా ఒకటేనా? కాదు. గెడ్డలో నీళ్ళు ముంచి గట్టెక్కే మనిషిని చూడండి. ఒక కుండ మోసినా రెండు కుండలు కావిడి వేసినా గట్టు ఎత్తు మారదు. ఆ ఎత్తు చోటుకు సంబంధించినది. కాని రెండు కుండలైతే శ్రమ రెండింతలు, దాచిన శక్తీ రెండింతలే. ఎత్తు వంటిది పొటెన్షియల్. కుండల్లో చేరినది స్థితిశక్తి. విద్యుత్తులో కుండకు బదులు ఆవేశం, ఎత్తుకు బదులు వోల్టులు. ఒక కూలుంబు ఆవేశం ఒక వోల్టు దిగితే ఒక జౌలు పని జరుగుతుంది. (ఋణావేశానికి మాత్రం అంతా తలక్రిందులు: మనం పల్లమన్నది దానికి మెరక!)

టార్చిలైటులోని లావుపాటి బ్యాటరీ, గోడగడియారంలోని సన్నబ్యాటరీ - రెండూ 1.5 వోల్టులే. ఎత్తు ఒకటే, కుండలే చిన్నా పెద్దా.

కరెంటు తీగమీద కాకి నిశ్చింతగా ముక్కు రుద్దుకుంటుందే, దానికేమీ కాదెందుకు? దాని రెండు కాళ్ళూ ఒకే ఎత్తున వున్నాయి. ఎత్తులో తేడా లేనిచోట నీరు పారదు, కరెంటూ అంతే. తెగిపడిన తీగ సంగతి వేరు. దాని చుట్టుపక్కల నేలలో సైతం అడుగడుగుకీ వోల్టులు మారిపోతాయి. మనిషి రెండు పాదాల మధ్యనే ప్రాణం తీసేటంత తేడా వుండవచ్చు. తాకకపోతే చాలుననుకోకండి, ఆ దరిదాపులకే పోవద్దు.

ఇక కొండల ఎత్తు కరెంటుకు ఉపమానం మాత్రమే కాదు, పెట్టుబడి కూడాను. ఈ తూర్పు కనుమలలోనే, 175 మీటర్ల డుడుమ జలపాతం దగ్గర, ఆంధ్ర - ఒరిస్సాల ఉమ్మడి మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం 1955లో ప్రారంభమైంది. టన్ను నీరు 100 మీటర్లు పడితే వచ్చేది 9,80,000 జౌళ్ళు. మన మీటరులో తిరిగే ఒక్క యూనిట్ 36 లక్షల జౌళ్ళు! అంటే ఏ నష్టమూ లేకున్నా, యూనిట్ ఒక్కింటికి మూడున్నర టన్నులకు పైగా నీరు అంత ఎత్తునుంచి పడాలి. అందుకే అంతంత జలాశయాలు. మాచ్‌ఖండ్ కోసం కట్టిన జలాపుట్ కింద వేల కుటుంబాల ఇళ్ళూ పొలాలూ మునిగాయి.

ఇప్పుడు మరో పద్ధతి వచ్చింది. కరెంటు మిగిలిన వేళ కింది చెరువు నీటిని పై చెరువుకు తోడి, కావలసిన వేళ దింపుతారు. నూరు యూనిట్లు పోస్తే తిరిగి వచ్చేవి డెబ్భైయ్యైదు, ఎనభై. పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుకుట్టి దగ్గర 1,200 మెగావాట్లు, కర్రివలస దగ్గర 1,000 మెగావాట్ల చొప్పున ఇటువంటి కేంద్రాలకు 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. తమ భూములూ, గెడ్డల నీరూ పోతాయని ఆ కొండల గిరిజనులు అడ్డు చెప్పారు.