అళియ రామరాయలు: సింహాసనం ఎక్కని పాలకుడు

రాజు పసివాడైనప్పుడు, లేదా పాలించే స్థితిలో లేనప్పుడు, ఆయన పేరు మీద రాజ్యం నడిపే వ్యక్తిని రాజప్రతినిధి అంటాం. మధ్యయుగ చరిత్రలో ఇటువంటివారు చాలా దేశాల్లో కనిపిస్తారు. 1422లో ఇంగ్లండు రాజు ఐదో హెన్రీ మరణించేనాటికి ఆయన కొడుకు ఆరో హెన్రీ వయస్సు తొమ్మిది నెలలు. ఫ్రాన్సులో ఇంగ్లీషువారి అధీనంలో ఉన్న భూభాగాలకు పినతండ్రి జాన్ (బెడ్‌ఫర్డ్ డ్యూక్) రాజప్రతినిధి అయ్యాడు. ఇంగ్లండులో మాత్రం మరో పినతండ్రి హంఫ్రీకి ఆ హోదా ఇవ్వడానికి ప్రభువులు ఒప్పుకోలేదు. 'రక్షకుడు' అనే బిరుదు ఇచ్చి, మంత్రిమండలికి లోబడి ఉండమన్నారు. 1429లో బాలరాజుకు పట్టాభిషేకం జరగడంతో ఆ పదవి కూడా ముగిసింది. అంటే అక్కడ రాజప్రతినిధి అధికారానికి ఒక హద్దు, ఒక గడువు ఉండేవి.

విజయనగరంలో అటువంటి గడువు ఏదీ లేదు. 1491లో సాళువ నరసింహుడు మరణిస్తూ తన కొడుకులను సేనాని తుళువ నరస నాయకునికి అప్పగించాడు. నరస నాయకుడు 1503 వరకు తానే పాలించాడు. యువరాజు ఇమ్మడి నరసింహుడు పెనుకొండలో నామమాత్రంగా మిగిలాడు. 1505లో నరస నాయకుని కొడుకు వీరనరసింహుడు సింహాసనాన్నే ఆక్రమించాడు. శ్రీకృష్ణదేవరాయలు ఈ వీరనరసింహుని తమ్ముడే. కాబట్టి రామరాయలు తొక్కిన దారి కొత్తదేమీ కాదు. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఆరవీటివారి బలం ఎక్కడిదో చూడాలి.

ఆ బలం కర్నూలు, కడప సీమలది. రామరాయల తాత, ఆయన పేరే గల ఆరవీటి రామరాజు, కందనవోలు (నేటి కర్నూలు) దుర్గాన్ని గెలిచాడని ఆ వంశపు తామ్రశాసనాలు చెబుతాయి. జ్ఞాతులు విషం పెడితే హరి తీర్థంలా తాగి బతికాడని కూడా అవి చెబుతాయి. విషం సంగతి వంశ ప్రశస్తి. దుర్గం మీద పట్టు మాత్రం నిజం. రామరాయలు కృష్ణదేవరాయల కుమార్తెను పెళ్లాడాడు. 'అళియ' అంటే కన్నడంలో అల్లుడు. 1529లో మామ మరణించగానే పసివాడైన రాకుమారుణ్ణి నిలబెట్టి పెత్తనం చేయాలని చూశాడు గాని, అచ్యుతదేవరాయలు రాజు కావడంతో అది సాగలేదు.

1542లో అచ్యుతరాయలు మరణించాడు. ఆయన కొడుకు వెంకటరాయలు బాలుడు. మేనమామ సలకరాజు చిన తిరుమలుడు ఆ బాలుణ్ణి చంపించి గద్దెనెక్కాడు. రామరాయలకు ఇదే అదను. గుత్తి దుర్గంలో ఉన్న అచ్యుతుని అన్న కొడుకు సదాశివుణ్ణి రాజుగా ప్రకటించాడు. గండికోట పెమ్మసాని నాయకుల వంటివారు ఆయన పక్షాన నిలిచారు. ఆదోని, కర్నూలు ప్రాంతాల్లో పోరాటాలు జరిగాయి. తుంగభద్ర ఒడ్డున జరిగిన చివరి యుద్ధంలో సలకరాజు హతుడయ్యాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా రాజు సదాశివరాయలు, పాలకుడు రామరాయలు. తమ్ముళ్లలో తిరుమలరాయలు పాలన వ్యవహారాలు, వెంకటాద్రి సైన్యం చూసుకున్నారు. నంద్యాల, అవుకు ప్రాంతాలు ఆరవీటి జ్ఞాతుల చేతిలో ఉండేవి. పింగళి సూరన 'కళాపూర్ణోదయం' అంకితం పొందిన నంద్యాల కృష్ణమరాజు ఆ కోవలోనివాడే. కీలకమైన కోటలన్నీ బంధువులకు దక్కితే పాత ఉద్యోగులకు మిగిలేదేమిటి? రాజుకు మిగిలేదేమిటి? సదాశివుడు పెద్దవాడైనా అధికారం ఆయన చేతికి రాలేదు. 1550 ప్రాంతం నుంచి ఆయన కాపలాలోనే గడిపాడు. 1567లో విజయనగరానికి వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, అసలు రాజును ఏడాదికి ఒక్కసారి మాత్రమే ప్రజలకు చూపేవారని రాశాడు. ఆయన వచ్చేనాటికి రామరాయలు లేడు. కాబట్టి ఇది విన్న మాటగానే తీసుకోవాలి.

అయినా శాసనాలన్నీ సదాశివరాయల పేరుతోనే మొదలవుతాయి. రామరాయల పేరు తర్వాత, 'మహామండలేశ్వర' బిరుదుతో వస్తుంది. విద్యార్థులు తరచు పొరబడేది ఇక్కడే: శాసనంలో ముందున్న పేరు చూసి అధికారం కూడా ఆయనదే అనుకుంటారు. క్షౌరవృత్తివారి పన్ను మాఫీ శాసనాలు చూడండి. రాయలసీమలో ఇవి చాలాచోట్ల దొరికాయి. కొండోజు అనే మంగలి పనితనానికి రామరాయలు మెచ్చాడు. ఆయన చొరవతో ఆ వృత్తివారికి పన్నులు, వెట్టి రద్దయ్యాయి. ఆజ్ఞ రాజు పేరుతో వెలువడింది. విన్నపం చేరినది మాత్రం రామరాయల దగ్గరికి. మీ దగ్గరి గుడిలో సదాశివరాయల శాసనం ఉంటే, దానం ఎవరి పేరున జరిగిందో, ఎవరి పుణ్యం కోసం జరిగిందో విడివిడిగా రాసుకుని చూడండి.

విదేశాంగ వ్యవహారాలు కూడా రామరాయలే నడిపాడు. 1547లో పోర్చుగీసువారితో గుర్రాల వ్యాపారం మీద ఒప్పందం కుదిరింది. దక్కను సుల్తానులలో ఒకసారి ఒకరికి, మరోసారి మరొకరికి సాయం చేశాడు. అన్న జంషీద్‌కు భయపడి వచ్చిన గోల్కొండ రాకుమారుడు ఇబ్రహీంకు సుమారు ఏడేళ్లు ఆశ్రయమిచ్చాడు. ఆ ఇబ్రహీం కుతుబ్ షాయే 1565లో శత్రుకూటమిలో చేరాడు. దీన్ని కేవలం మతయుద్ధంగా చూపే పాత వివరణ ఇటువంటి వాస్తవాల ముందు నిలవదు. రామరాయల సైన్యంలోనూ ముస్లిం సేనానులు ఉన్నారు.

1565 జనవరి 23న రక్కసగి-తంగడిగి దగ్గర జరిగిన యుద్ధంలో (దీన్నే తళ్లికోట యుద్ధం అంటారు) వృద్ధుడైన రామరాయలు పట్టుబడ్డాడు. అహ్మద్‌నగర్ సుల్తాను హుస్సేన్ నిజాం షా ఆయన తల తీయించాడు. నాయకుడు పడిపోగానే సైన్యం చెదిరింది. రాజధానిని కాపాడే ప్రయత్నం కూడా జరగలేదు. నిజానికి రాజు సదాశివరాయలు బతికే ఉన్నాడు. కాని అంతవరకు ఒక్క ఆజ్ఞయినా సొంతంగా ఇవ్వని రాజు చుట్టూ సేన కూడడం సాధ్యమా? అధికారమంతా ఒక వ్యక్తిలో, ఆయన బంధువర్గంలో ఉండిపోవడం ఎంత ప్రమాదమో ఆ కొద్ది రోజుల్లో తేలింది.

తిరుమలరాయలు ఖజానాతో పాటు సదాశివరాయలను కూడా పెనుకొండకు తీసుకువెళ్లాడు. రాజు పేరుతో ఇంకా పని ఉందని ఆయనకు తెలుసు. అక్కడ మరో ఐదేళ్లపాటు సదాశివుని పేరే వాడుకలో ఉంది. సుమారు 1570లో తిరుమలరాయలు తానే పట్టాభిషిక్తుడై ఆరవీటి వంశ పాలనను ప్రారంభించాడు. రామరాజభూషణుడు 'వసుచరిత్ర'ను అంకితం చేసింది ఈ తిరుమలరాయలకే.