మస్తిష్క నిర్మాణము – సూక్ష్మనాళికలు

మానవుని మెదడు చిత్రపటాన్ని చూచిన వారికి అక్రోటు పప్పు జ్ఞప్తికి వస్తుంది. అవే ముడుతలు, అవే గాడులు, అదే రెండు భాగాల పొందిక. ఈ ముడుతలకు ఒక ప్రయోజనం కలదు. మెదడు పైపొరను మస్తిష్క వల్కలం అంటారు. భాష, ఆలోచన, జ్ఞాపకం, చేతివ్రేళ్ల నేర్పు మున్నగువాటికి ఆధారమైన నాడీకణాలు ఈ పొరలోనే బారులు తీరి ఉన్నవి. దీని మందం కొన్ని మిల్లీమీటర్లే అయినను వైశాల్యం మిక్కిలి ఎక్కువ. అంత విశాలమైన పొర ఇరుకైన కపాలంలో ఇమడవలెనంటే ముడుతలు పడక తప్పదు.

అరుదుగా కొందరు శిశువులు ఈ ముడుతలు లేకుండగనే జన్మిస్తారు. వారి మెదడు ఉపరితలం నున్నగా ఉంటుంది. ఈ స్థితికి వైద్యులు పెట్టిన పేరు లిస్సెన్సెఫలీ. గ్రీకు మూలాలు గల ఈ మాటకు నున్నని మెదడు అనియే అర్థం. ఇట్టి శిశువు పాలు త్రాగుటకే ఇబ్బంది పడవచ్చును. చాలమందికి తొలి సంవత్సరంలోనే మూర్ఛలు మొదలవుతాయి. మెడ నిలుపుట, కూర్చొనుట, మాట పలుకుట, అన్నీ ఆలస్యమవుతాయి. కొన్ని ఎన్నటికీ రావు. ఆ ఇంట తల్లిదండ్రులు వేసుకొనే ప్రశ్న ఒక్కటే: ఇట్లు ఎందుకు జరిగినది? ఈ ప్రశ్నకు గడచిన కొన్ని దశాబ్దాలలో జీవశాస్త్రం చాల వరకు సమాధానం చెప్పగలిగినది. ఆ సమాధానం కంటికి కనిపించని ఒక సన్నని గొట్టంలోను, దానిని నిలబెట్టే కొన్ని ప్రోటీనులలోను దాగి ఉన్నది.

కణం లోపలి గొట్టాలు

జీవకణం అనగానే నీటితో నిండిన సంచి వంటి రూపం మన మనస్సులో మెదలుతుంది. నిజానికి కణం లోపల వాసాలు, దూలాలు, దారులు ఉన్నవి. వాటిలో ముఖ్యమైనవి సూక్ష్మనాళికలు. ఒక్కొక్క నాళిక వ్యాసం సుమారు 25 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. కణానికి ఆకారం ఇచ్చుట, ఒక చోటి సరుకును మరొక చోటికి చేరవేయుటకు దారిగా నిలుచుట, కణవిభజన వేళ క్రోమోసోములను రెండు వైపులకు పంచుట ఈ నాళికల పనులు.

ఈ నాళికకు ఇటుక ట్యూబ్యులిన్ అనే ప్రోటీను. ఆల్ఫా, బీటా అనే రెండు ట్యూబ్యులిన్ అణువులు జంటగా కలసి ఒక ఇటుక అవుతుంది. ఇటుక మీద ఇటుక నిలువుగా చేరి ఒక పోగు తయారవుతుంది. మన దేహకణాలలో సాధారణంగా ఇట్టి 13 పోగులు ప్రక్కప్రక్కన అంటుకొని గుండ్రంగా చుట్టుకొనగా గొట్టం ఏర్పడుతుంది.

మన ఇంటి గోడ ఒకసారి కట్టిన తరువాత ఏండ్ల తరబడి నిలుస్తుంది. సూక్ష్మనాళిక అట్లు కాదు. కొంతసేపు పెరుగుతుంది, ఉన్నట్టుండి కూలి కురచనవుతుంది, మరల పెరుగుతుంది. ఈ విచిత్ర ప్రవర్తనను 1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ అనే శాస్త్రజ్ఞులు వర్ణించి, దానికి చలనశీల అస్థిరత అనే అర్థం వచ్చే పేరు పెట్టినారు. దీనికి కారణం జీటీపీ అనే శక్తినిచ్చే అణువు. కొత్తగా వచ్చి చేరే ఇటుక జీటీపీని ధరించి వస్తుంది. అట్టి ఇటుకలు కొనయందు ఉన్నంతవరకు గొట్టం నిలకడగా ఉంటుంది. గొట్టంలో చేరిన కొంతసేపటికి ఆ జీటీపీ విచ్ఛిన్నమై జీడీపీగా మారుతుంది. అప్పుడు ఆ ఇటుకకు వంగవలెననే ఒత్తిడి కలుగుతుంది. కొనన ఉన్న రక్షణ తొలగిపోతే పోగులు అరటితొక్క ఒలిచినట్లు బయటికి వంగి విడిపోతాయి.

విషాలు నేర్పిన పాఠం

ట్యూబ్యులిన్ జాడ తెలియుటకు తోడ్పడినది ఒక విషపదార్థమే. యూనానీ వైద్యులు కీళ్లవాతానికి వాడుతూ వచ్చిన సూరింజాన్ దుంపను మనలో పెద్దలు ఎరుగుదురు. ఆ జాతి మొక్కలలోను, మన అడవులలో పెరిగే అగ్నిశిఖ దుంపలోను కాల్చిసిన్ అనే విషం కలదు. ఈ పదార్థం కణంలో దేనికి అంటుకొనుచున్నదో వెదకుచు 1967లో గ్యారీ బోరిసీ, ఎడ్విన్ టేలర్ అనువారు సూక్ష్మనాళికల మూలప్రోటీనును గుర్తించినారు. మరుసటి సంవత్సరం జపాను శాస్త్రజ్ఞుడు హిదియో మోహ్రి దానికి ట్యూబ్యులిన్ అని నామకరణం చేసినాడు. కాల్చిసిన్ ఇటుకలకు అంటుకొని అవి గొట్టంగా చేరకుండా అడ్డుపడుతుంది.

దీనికి సరిగా విరుద్ధమైనది టాక్సాల్ అనే మందు. ఇది యూ అనే చెట్టు బెరడు నుండి లభించినది. ఇది నాళికలను కూలనీయక గట్టిగా పట్టి ఉంచునని 1979లో సూసన్ హార్విట్జ్ బృందం వెల్లడించినది. నాళికలు విడిపోనిదే విభజన పూర్తికాదు గనుక క్యాన్సరు కణాలు నశిస్తాయి. అయితే ఈ మందు తీసుకొన్నవారిలో పలువురికి కాళ్లుచేతులు తిమ్మిరెక్కుతాయి. నాడులకు హాని కలుగుతుంది. గొట్టం నిలువకున్నను కణానికి చేటే, మితిమీరి నిలిచినను చేటే. కనుక ఏ నాళిక ఎక్కడ, ఎంతసేపు నిలువవలెనో నిర్ణయించే కట్టుబాటు కణానికి అవసరం. ఆ పని చేసేవి నాళికలకు అంటుకొని ఉండే ప్రోటీనులు.

పుట్టిన చోటు ఒకటి, చేరే చోటు ఒకటి

మానవ మస్తిష్క వల్కలంలో సుమారు 1,600 కోట్ల నాడీకణాలు ఉన్నట్లు అంచనా. వాటిలో ఏ ఒక్కటీ తాను పనిచేసే చోట పుట్టినది కాదు. గర్భస్థ శిశువు మెదడు లోపలి గదుల అంచున ఇవి పుడతాయి. అక్కడ నుండి పైపొర వరకు ప్రయాణం చేయవలెను. ఈ వలస ముఖ్యంగా గర్భం దాల్చిన 12వ వారం నుండి 24వ వారం వరకు సాగుతుంది. లోపలి అంచు నుండి పైఅంచు వరకు నిట్టనిలువుగా సాగిన గ్లియా పోగులను పట్టుకొని ఈ పసికణాలు ఎగబ్రాకుతాయని పాస్కో రాకిచ్ 1970ల ఆరంభంలో చూపినాడు. ముందు పుట్టినవి లోపలి వరుసలలో ఆగుతాయి. వెనుక పుట్టినవి వాటిని దాటుకొని పైవరుసలకు చేరుతాయి. ఈ విధంగా ఆరు వరుసల వల్కలం సిద్ధమవుతుంది.

తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుని గమనించండి. ముందు మోకును పైకి జరిపి పట్టు చిక్కించుకొంటాడు. పిదప దేహాన్ని పైకి లాగుకొంటాడు. నాడీకణం ప్రయాణం కూడ ఇట్టిదే. ముందుగా ఒక పొడవైన కొమ్మను పైకి చాచుతుంది. తరువాత కణంలో అన్నిటికంటె బరువైన కేంద్రకాన్ని ఆ కొమ్మలోనికి లాగుతుంది. ఈ రెండు పనులకూ సూక్ష్మనాళికలే ఆధారం. కొమ్మకు బిగువునిచ్చేవి అవే. కేంద్రకాన్ని పంజరంవలె చుట్టుకొని ముందుకు నడిపించేవీ అవే. వాటిపై నడిచే డైనీన్ అనే ప్రోటీను యంత్రం లాగే పనిని నిర్వహిస్తుంది. నాళిక నడుమ కూలితే కణం దారి మధ్యలో చిక్కుకొంటుంది.

డబుల్‌కార్టిన్ వేసే ముడి

ఈ సమయంలో నాళికను నిలబెట్టే ప్రోటీను డబుల్‌కార్టిన్. దీని జన్యువు ఎక్స్ క్రోమోసోముపై ఉన్నదని 1998లో అమెరికాలో ఒక బృందం, ఫ్రాన్సులో మరొక బృందం వేర్వేరుగా కనుగొన్నవి. ఈ ప్రోటీను సూక్ష్మనాళికలకు అంటుకొని వాటిని స్థిరపరచునని 1999లో తేలినది.

దీని పనితీరు తెలియవలెనంటే మేస్త్రీలు కట్టే పరంజాను తలచుకొనవలెను. నిలువు వెదుళ్లు, అడ్డు వెదుళ్లు ఎన్ని ఉన్నను, అవి కలిసే చోట త్రాటి ముడి లేనిదే పరంజా నిలువదు. డబుల్‌కార్టిన్ సరిగా అట్టి కూడలిలోనే కూర్చుంటుంది. ప్రక్కప్రక్కనున్న రెండు పోగుల నడుమ గాడిలో, నాలుగు ఇటుకజంటలు కలిసే మూలలో ఇది ఇముడుతుందని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలు తెలియజేసినవి. అందువలన క్రింది మీది ఇటుకల పట్టు, ఇరుప్రక్కల పోగుల పట్టు రెండూ బలపడతాయి. పోగులు బయటికి వంగి ఒలిచిపోవుట తగ్గుతుంది. అంతేకాదు, పరీక్షనాళికలో ట్యూబ్యులిన్‌ను ఒంటరిగా ఉంచితే 13 పోగుల గొట్టాలతో పాటు 14 మొదలైన సంఖ్యల గొట్టాలు కూడ ఏర్పడతాయి. డబుల్‌కార్టిన్ తోడైతే అధికభాగం 13 పోగులవే తయారవుతాయి. నిలబెట్టుటతో పాటు కొలత తప్పకుండా చూచుట కూడ దీని పని.

పని పూర్తియైన పిదప పరంజాను విప్పవలెను గదా! కణం ఆ ఏర్పాటు కూడ చేసికొన్నది. సిడికె5 వంటి ఎంజైములు డబుల్‌కార్టిన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తాయి. అప్పుడు నాళికపై దాని పట్టు సడలుతుంది. వలస సాగుచున్న పసినాడీకణాలలో సమృద్ధిగా ఉండే ఈ ప్రోటీను, కణం తన చోట కుదురుకొని పరిణతి చెందిన తరువాత కనుమరుగవుతుంది. అటుపిమ్మట నాళికల సంరక్షణ ఇతరులది. డెండ్రైటులు అనే కొమ్మలలో మ్యాప్2, పొడవైన ఆక్సానులో టౌ అనే ప్రోటీనులు ప్రధానంగా ఉంటాయి. టౌ 1975లోనే వెలుగులోనికి వచ్చినది. వార్ధక్యంలో వచ్చే అల్జీమర్స్ వ్యాధిలో మితిమీరి ఫాస్ఫేటులు చేరిన టౌ, నాళికలను విడిచి కణంలో చిక్కుముడులుగా పేరుకొంటుంది. శైశవంలో మెదడును కట్టిన కుటుంబానికి చెందిన ప్రోటీను లోపమే వృద్ధాప్యంలో మెదడు క్షీణతతో ముడిపడి ఉండుట గమనార్హం.

బాలునికి ఒక విధం, బాలికకు ఒక విధం

డబుల్‌కార్టిన్ జన్యువులో లోపం ఉన్నప్పుడు మగ, ఆడ శిశువులలో ఫలితం ఒకే తీరుగ ఉండదు. మగశిశువుకు ఎక్స్ క్రోమోసోము ఒక్కటే. అందులోని జన్యువు చెడితే ప్రతి నాడీకణమూ ఆ లోపంతోనే బయలుదేరుతుంది. చాల కణాలు గమ్యం చేరలేవు. ఆరు వరుసలకు బదులు మందమైన, క్రమం తప్పిన వల్కలం ఏర్పడి మెదడు నున్ననవుతుంది.

ఆడశిశువుకు ఎక్స్ క్రోమోసోములు రెండు. అయితే ఒక్కొక్క కణంలో ఒకటి మాత్రమే పనిచేస్తుందని, రెండవది మౌనం వహిస్తుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించినది. కనుక లోపంగల జన్యువును పొందిన బాలికలో నాడీకణాలు రెండు తెగలు. మంచి జన్యువు పనిచేసే కణాలు సక్రమంగా పైకి చేరి వల్కలాన్ని నిర్మిస్తాయి. లోపం గల జన్యువు పనిచేసే కణాలు నడిదారిలో ఆగి, అసలు వల్కలం క్రింద మరొక పట్టీగా మిగిలిపోతాయి. ఎం.ఆర్.ఐ. చిత్రంలో ఒకదాని క్రింద ఒకటి రెండు వల్కలాలు ఉన్నట్లు కనిపిస్తుంది. డబుల్‌కార్టిన్ అనే పేరు ఈ జంట వల్కలం నుండియే వచ్చినది. ఇట్టి బాలికలలో మూర్ఛలు సామాన్యం. చదువు సంధ్యలలో కొందరు మిక్కిలి వెనుకబడతారు. మరికొందరు దాదాపు అందరివలెనే ఉంటారు.

లిస్సెన్సెఫలీకి ఇది ఒక్కటే కారణం కాదు. డైనీన్‌కు తోడ్పడే లిస్1 అనే ప్రోటీను జన్యువు 17వ క్రోమోసోముపై ఉన్నదని 1993లో కనుగొన్నారు. ఆల్ఫా ట్యూబ్యులిన్ జన్యువులలో ఒకదానిలోని లోపం కూడ ఇట్టి ఫలితమే ఇచ్చునని 2007లో తెలిసినది. ఇటుక చెడినను, ముడి సడలినను, లాగే యంత్రం కుంటుపడినను వలస ఆగిపోవుటే పర్యవసానం.

తెలిసికొనుట వలన ప్రయోజనం

దారిలో ఆగిన కణాలను మరల కదిలించుటకు మానవులలో ఇంతవరకు చికిత్స లేదు. డబుల్‌కార్టిన్ కొరవడిన ఎలుక పిల్లలలో, పుట్టిన కొద్దికాలానికే ఆ ప్రోటీనును మరల కల్పించగా ఆగిన కణాలలో కొన్ని తిరిగి కదలినవని, మూర్ఛకు లోనయ్యే స్వభావం తగ్గినదని 2009లో ఒక పరిశోధన చూపినది. ఇది ఆశాకిరణమే గాని వైద్యం కాదు. నేడు చేయగలిగినది మూర్ఛలను మందులతో అదుపులో ఉంచుట, ఆహారం, ఊపిరితిత్తుల విషయంలో జాగ్రత్త వహించుట, వ్యాయామ చికిత్స ద్వారా శిశువుకు సాధ్యమైనంత సౌకర్యం కల్పించుట. జన్యుపరీక్ష చేయించుకొంటే తరువాతి కాన్పు గురించి వైద్యులు సరియైన సలహా ఇవ్వగలరు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో వైద్య జన్యుశాస్త్ర విభాగం కలదు.

విద్యార్థి మిత్రులారా! మన ఊళ్లలో ఇట్టి శిశువు పుట్టినప్పుడు నింద మొట్టమొదట తల్లిపై పడుతుంది. గ్రహణం నాడు బయటికి వచ్చినదనో, నజర్ తగిలినదనో, కడుపుతో ఉండి ఏదో తిన్నదనో ఇరుగుపొరుగు అంటారు. ఒక్కొక్కప్పుడు ఇంటివారే అంటారు. పైన చెప్పిన విషయాలు గుర్తున్నవారు ఆ మాట అనలేరు. లిస్1 జన్యులోపాలలో అధికభాగం తల్లిలోను తండ్రిలోను లేకుండా శిశువులో కొత్తగా ఏర్పడినవే. డబుల్‌కార్టిన్ లోపం కొన్నిసార్లు తల్లి నుండి సంక్రమించవచ్చును. కాని ఆమెకు అది ఆమె పుట్టుకతో వచ్చినది. తనలో అట్టి లోపం ఉన్నదని ఆమె ఎరుగకపోవచ్చును. ఆమె తిన్న తిండి వలన గాని, చూచిన చంద్రుని వలన గాని ఆ జన్యువు మారలేదు.

మీలో అందరూ జీవశాస్త్రం చదువరు. డబుల్‌కార్టిన్ అనే పేరు పరీక్ష ముగిసిన మరునాడే మరచిపోవచ్చును. అయితే మీ వీధిలో, మీ బంధువులలో ఇట్టి బిడ్డ ఉన్న ఇంట ఎవరైనను ఆ తల్లిని తప్పుపట్టినప్పుడు, ఇది ఆమె చేసినది కాదని నలుగురిలో చెప్పండి. బిడ్డను నాడీవైద్యుని వద్దకు తీసికొని వెళ్లుటకు తోడు రండి. చదువుకొన్నవారిగా మనం చేయగల సహాయం అది.