టర్కీ వారి కిసిర్

అటుకుల పులిహోర చేసే ఇల్లాలికి ఒక సదుపాయం ఉన్నది. అటుకులను ఎసట్లో వేసి ఉడికించనక్కరలేదు, తడిపితే చాలును. వడ్లను నానబెట్టి, వేయించి, దంచిననాడే వాటి వంట చాలామటుకు అయిపోయినది. టర్కీ దేశపు దక్షిణ, ఆగ్నేయ ప్రాంతాలలో గోధుమతో చేసే కిసిర్ అనే వంటకం కూడా ఈ కిటుకు మీదనే ఆధారపడి ఉన్నది. ఆ భాషలో కిసిర్ అన్న మాటకు గొడ్డుపోయినది అని అర్థం. ఇంత నిండైన వంటకానికి ఆ పేరు ఉండడం వింతే.

దీనికి మూలద్రవ్యం బుల్గూర్. దానిని గోధుమరవ్వ అని తెలిగించి ఊరుకునేవారు ఉన్నారు. అది పొరపాటు. మన అంగళ్ళలో దొరికే గోధుమరవ్వ పచ్చి గోధుమను మరపట్టినది. బుల్గూర్ కోసం గోధుమలను ముందు ఉడికించి, గలగలలాడేటట్లు ఎండబెట్టి, ఆ తరువాత పగులగొట్టి జల్లిస్తారు. ముతకది పిలావుకు, సన్ననిది కిసిర్‌కు. ఉప్పుడు బియ్యం కోసం మనవారు వడ్లను ఉడికించి ఆరబెట్టడం ఇటువంటిదే. ఈ తేడా తెలియక మా ఇంట మొదటిసారి పచ్చిరవ్వ మీద వేడినీళ్ళు పోశాము. పైన జిగురు, లోపల పలుకు! ఎవరూ రెండవ ముద్ద ఎత్తలేదు. బుల్గూర్ దొరకనివారు గోధుమలను స్వయంగా ఉడికించి, ఎండబెట్టి, విసురుకోవలెను. ఎండకు మనకు కొదువ లేదు గదా.

కోతలు ముగిసిన తరువాత ఇరుగుపొరుగువారు కలసి పెద్ద కాగులలో గోధుమలు ఉడికించడం అక్కడి పల్లెల ఆచారం. పిల్లలు గిన్నెలు పట్టుకొని కాగు చుట్టూ చేరుతారు. ఆ వేడి గుగ్గిళ్ళ పేరు హెదిక్. పసిబిడ్డకు మొదటి పన్ను వచ్చినప్పుడు పంచేదీ ఇదే. నేడు బుల్గూర్ చాలావరకు కర్మాగారాల నుండి వస్తున్నది.

ఆ నేలకు గోధుమతో సంబంధం చాలా పాతది. దియార్‌బకిర్ సమీపాన ఉన్న కరాజదాగ్ కొండల అడవి గోధుమకు, మానవుడు తొలుత సాగుచేసిన గోధుమ రకాలలో ఒకదానికి దగ్గరి చుట్టరికం ఉన్నదని 1997లో జన్యు పరిశోధకులు ప్రకటించారు. కాని కిసిర్‌లోని ఎరుపు అంత పాతది కాదు. టమాటా, మిరప రెండూ అమెరికా ఖండపు పంటలు. 1492 తరువాత గాని సముద్రం దాటి రాలేదు.

ఇక వంట. రెండు గ్లాసుల సన్న బుల్గూర్ మీద గ్లాసున్నర మరిగిన నీరు పోసి, మూతపెట్టి, పావుగంట కదపకుండా ఉంచుతారు. నీరు మించితే ముద్ద అవుతుంది. తరువాత టమాటా ముద్ద, ఎర్ర మిరప ముద్ద వేస్తారు. మన మేడలమీద వడియాలు ఎండినట్లే అక్కడి మేడలమీద వేసవి చివర ఈ ముద్దలు పళ్ళేలలో ఎండుతూ ఉంటాయి. వీటిని బుల్గూర్‌తో చేర్చి, ప్రతి పలుకూ ఎర్రబడేదాకా చేతితో మెదపవలెను. గరిటెతో ఆ పని కాదు. పూర్తిగా చల్లారిన పిమ్మటనే సన్నగా తరిగిన ఉల్లికాడలు, పుదీనా, కొత్తిమీరను పోలిన పార్స్‌లీ ఆకు కలుపుతారు. వేడి మీద వేస్తే ఆకు వాడిపోతుంది. ఆలివు నూనె, ఉప్పు, నిమ్మరసం, కొందరి ఇళ్ళలో జీలకర్ర. మాంసం గాని, నేయి గాని ఉండదు. లెబనాన్ వారి తబూలేను దీనితో కలిపి చెప్పడం కద్దు. అందులో ఆకు ప్రధానం, గోధుమ పేరుకు మాత్రమే.

పులుపు సంగతి విడిగా చెప్పవలెను. ఆగ్నేయ ప్రాంతాలవారికి నిమ్మరసంతో తృప్తి తీరదు. పుల్లదానిమ్మల రసాన్ని చక్కెర చేర్చకుండా నల్లగా, చిక్కగా అయ్యేదాకా మరిగించి సీసాలకెత్తుతారు. మన చింతపండు గుజ్జు వంటి గౌరవం దానిది. ఆ పేరును పోలిన పేరుతో అంగళ్ళలో అమ్మే కొన్ని సీసాలలో దానిమ్మ తక్కువ, చక్కెరపాకం ఎక్కువ.

ఈ వంటకం ఊరూరా పాకడానికి స్త్రీల కూటములు తోడ్పడినవి. నెలకొకసారి వంతు ప్రకారం ఒకరి ఇంట పదిమంది చేరుతారు. వచ్చిన ప్రతి స్త్రీ ఆ ఇల్లాలికి ఒక చిన్న బంగారు నాణెం ఇస్తుంది. పాట లేని చీటీ అనుకోండి. ఒక్క మధ్యాహ్నంలో తొమ్మిది నాణేలు ఆమె చేతికి వస్తాయి. బ్యాంకుతో గాని, భర్త అనుమతితో గాని పని లేదు. నోటు విలువ తరిగిపోతున్న దేశంలో బంగారాన్నే కొలతగా పెట్టుకొనడం వారి తెలివి. దీనిని బంగారు దినము అనే పిలుస్తారు.

తన వంతు వచ్చిన ఇల్లాలు ఆనాడు పొయ్యి దగ్గర నిలుచుంటే కబుర్లకూ దూరం, లెక్కకూ దూరం. కిసిర్ అయితే ఉదయమే కలిపి మూతపెట్టవచ్చును. చల్లగానే తింటారు, ఊరినకొద్దీ రుచి. అతిథులు వచ్చేసరికి ఆమె చేతులు కడుక్కొని కూర్చున్నది. పళ్ళెం అంచున లేత లెట్యూస్ ఆకులు పేర్చి ఉంటాయి. ఆకులో ఒక చెంచాడు కిసిర్ పెట్టి, చుట్టి, నోట వేసుకొని, ఎర్రని తేనీటి గ్లాసు అందుకుంటారు.