గర్భసంచిలో గడ్డలున్న స్త్రీ మెనోపాజ్‌కు హార్మోన్ మందులు వాడవచ్చా?

వైద్య సాయం కోరుతూ సేవా సంఘాలకు వచ్చే దరఖాస్తుల్లో "గర్భసంచి ఆపరేషన్" అన్న మాట దాతలకు కొత్త కాదు. కామవరపుకోట, జంగారెడ్డిగూడెం, చింతలపూడి వైపు పల్లెల్లో నలభై దాటిన స్త్రీలను కదిపితే రెండు బాధలు ఎక్కువగా చెబుతారు. ఒకటి, స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డ ఉందనడం. రెండోది, ఒంట్లోంచి ఆవిర్లు రావడం, రాత్రంతా చెమటలు పట్టి నిద్ర లేకపోవడం. రెండూ ఒకే మనిషికి ఉన్నప్పుడు చిక్కు వస్తుంది. "గడ్డ ఉంది కదా, హార్మోన్ మందులు ముట్టుకోవద్దు" అని ఒకరంటారు. "గర్భసంచి తీయించేసుకుంటే పీడ పోతుంది" అని మరొకరంటారు. ఈ రెండు మాటల్లో ఏదీ అందరికీ వర్తించదు.

ఒంట్లో జరిగేది ఏమిటి?

ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలో పెరిగే గడ్డ. దాదాపు ఎప్పుడూ ఇది క్యాన్సర్ కాదు. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లే దానికి ఆహారం. పన్నెండు నెలలు వరుసగా ముట్టు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. మన దేశంలో ఇది సగటున 46 ఏళ్ల దగ్గరే వస్తోంది. అప్పుడు హార్మోన్లు తగ్గుతాయి కనుక గడ్డలు కూడా మెల్లగా కుంచించుకుపోతాయి. కానీ అదే హార్మోన్ తగ్గడం వల్ల ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు, యోని పొడిబారడం, ఎముకలు గుల్లబారడం మొదలవుతాయి. తగ్గిన హార్మోన్‌ను కొద్ది మోతాదులో తిరిగి ఇవ్వడమే హార్మోన్ చికిత్స. మరి ఆ మందు గడ్డను మళ్లీ పెంచదా అన్నది సహజంగా వచ్చే సందేహం.

గడ్డ ఉంటే వాడకూడదా?

గడ్డ ఉన్నంత మాత్రాన హార్మోన్ చికిత్సకు నిషేధం లేదు. వాడిన కొందరిలో గడ్డ కొంత పెరగవచ్చు. చాలామందిలో ఆ పెరుగుదల బాధ పెట్టేంత ఉండదు. మందు ఆపితే మళ్లీ తగ్గుతుంది. అయితే గడ్డ ఎక్కడ ఉందన్నది ముఖ్యం. గర్భసంచి బయటివైపు ఉన్న చిన్న గడ్డతో సాధారణంగా ఇబ్బంది రాదు. లోపలి పొరను తోసుకుని ఉన్న గడ్డ అయితే మందు మొదలుపెట్టాక రక్తస్రావం కావచ్చు. అలాంటి గడ్డకు ముందు వైద్యం చేయించి తర్వాత హార్మోన్ గురించి ఆలోచించడం మేలు.

గర్భసంచి ఉన్న స్త్రీకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వకూడదు. లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. అందుకే ప్రొజెస్టెరాన్ కూడా కలిపి ఇస్తారు. ముట్లు ఇంకా పూర్తిగా ఆగక, గడ్డల వల్ల రక్తం ఎక్కువగా పోతున్న వారికి హార్మోన్ ఉన్న లూప్ వేసే పద్ధతి ఉంది. అది రక్తస్రావాన్ని తగ్గిస్తుంది, ప్రొజెస్టెరాన్ అవసరాన్నీ తీరుస్తుంది. గడ్డ లోపలి ఆకారాన్ని బాగా మార్చేసిన వారికి మాత్రం లూప్ నిలవకపోవచ్చు.

బాధ యోని పొడిబారడం, మూత్రంలో మంట వరకే ఉంటే అక్కడ రాసే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ సరిపోతుంది. అది రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

2002 నాటి భయం

హార్మోన్ అనగానే "క్యాన్సర్ వస్తుందట" అంటారు. ఆ భయానికి మూలం అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో జరిగిన పరిశోధన. గర్భసంచి ఉన్న 16,608 మంది స్త్రీలపై రెండు హార్మోన్లు కలిపి వాడి చూసిన భాగాన్ని 2002 జూలైలో మధ్యలోనే ఆపేశారు. ఏడాదికి పదివేల మందిలో రొమ్ము క్యాన్సర్ 8 మందికి, పక్షవాతం 8 మందికి అదనంగా కనిపించింది. తుంటి ఎముక విరగడం 5 మందికి తగ్గింది. కానీ ఆ స్త్రీల సగటు వయసు 63. ఆవిర్లతో బాధపడుతూ యాభై ఏళ్ల లోపు వచ్చే మన స్త్రీలకు ఆ లెక్కలు యథాతథంగా వర్తించవు. 60 ఏళ్ల లోపు వయసులో, లేదా ముట్లు ఆగిన పదేళ్ల లోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకు నష్టం కన్నా మేలే ఎక్కువని తర్వాతి విశ్లేషణలు తేల్చాయి.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, కాలేయ జబ్బు ఉన్నవారు దీన్ని వాడకూడదు. వారికి ఆవిర్లు తగ్గించే హార్మోన్ లేని మాత్రలు ఉన్నాయి. బీపీ, షుగరు, అధిక బరువు ఉన్నవారికి మాత్రల కన్నా చర్మం మీద రాసే జెల్ లేదా అంటించే పట్టీ నయం. వాటితో రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ.

ఒక హెచ్చరిక మాత్రం అందరికీ. ముట్లు ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క ఎరుపు కనపడినా "గడ్డ వల్లేలే" అని వదిలేయకూడదు. కారణం తేలేదాకా హార్మోన్ మొదలుపెట్టకూడదు. స్కానింగ్‌లో లోపలి పొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క పరీక్ష చేయిస్తారు. హార్మోన్ వాడకుండానే మెనోపాజ్ తర్వాత గడ్డ పెరుగుతుంటే కూడా వెంటనే చూపించుకోవాలి.

మన రాష్ట్రంలో తొందర ఎక్కువ

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. 2019-21 సర్వేలోనూ మన రాష్ట్రం 8.7 శాతం దగ్గరే ఉంది. అనవసర ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో, కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది.

ఆపరేషన్ తప్పనిసరి అయినవారు ఉన్నారు. విపరీతంగా రక్తం పోయి, మందులకు లొంగక, ఒంట్లో రక్తం తగ్గిపోయిన తల్లికి అది ప్రాణం నిలిపే వైద్యమే. కానీ బాధ లేని చిన్న గడ్డకు, మెనోపాజ్‌తో తనంతట తగ్గబోయే గడ్డకు, తెల్లబట్టకు అది మందు కాదు. ఆవిర్లకు అసలే కాదు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే మర్నాటి నుంచే మెనోపాజ్ మొదలవుతుంది. ముప్పై అయిదేళ్లకే అలా జరిగితే ఎముకలకు, గుండెకు నష్టం. అలాంటివారు వాడకూడని కారణం ఏదీ లేకపోతే సహజంగా ముట్లు ఆగే వయసు వరకైనా హార్మోన్ వాడాలని వైద్యులు చెబుతారు. ఆ మాట వారిలో చాలామంది చెవిన పడనే లేదు. ఆయిల్‌పామ్ తోటల్లో కూలికి వెళ్లే అమ్మ "ఆపరేషన్ నాటి నుంచి ఒళ్లు నొప్పులు" అంటే వెనకున్న కారణం ఇదీ కావచ్చు.

నిర్ణయానికి ముందు అడగవలసినవి

నా గడ్డ ఎంత ఉంది, ఎక్కడ ఉంది? ఇది వదిలేస్తే ఏమవుతుంది? నా బాధ గడ్డ వల్లా, మెనోపాజ్ వల్లా? హార్మోన్ వాడితే ఏ రూపంలో, ఎన్నాళ్లు, మళ్లీ స్కానింగ్ ఎప్పుడు? ఆపరేషన్ అంటే అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? ఈ అయిదు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం నిర్ణయం అయినట్టే. మందు మొదలైన కొత్తలో మూడు నుంచి ఆరు నెలలు కాస్త ఎరుపు కనపడవచ్చని ముందే తెలుసుకోవాలి. నమాజు, రోజా, ఉమ్రా విషయంలో సందేహం వస్తే ఆలిమ్‌లను అడగండి. సిగ్గుపడి మందు మధ్యలో ఆపవద్దు. మాత్ర రోజుకు ఒకటే కనుక రంజాన్‌లో సహరీకో ఇఫ్తార్‌కో మార్చుకోవచ్చు.

దాతలు చేయగలిగింది

ఆపరేషన్‌కు డబ్బు ఇవ్వడం పుణ్యమే. అంతకుముందు చేయవలసిన చిన్న సాయాలు మరికొన్ని ఉన్నాయి. స్కానింగ్, రక్త పరీక్ష, అవసరమైన చోట రొమ్ము పరీక్షకు అయ్యే ఖర్చు భరించండి. ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రిలో రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడానికి ఆమెకూ తోడు వెళ్లే మనిషికీ బస్సు చార్జీలు, పోయిన కూలి ఇవ్వండి. దరఖాస్తుతో పాటు స్కానింగ్ కాగితం, రెండో అభిప్రాయం జత చేయమని సొసైటీ అడిగితే అది అనుమానించినట్టు కాదు, ఆ స్త్రీని కాపాడినట్టు. ప్రాణం మీదికి వచ్చిన కేసుల్లో మాత్రం కాగితాల కోసం ఆగకూడదు. చిన్న వయసులోనే అండాశయాలు పోగొట్టుకున్న స్త్రీలు మీ వీధిలో ఎవరున్నారో మీ ఇంటి ఆడవారికి తెలుసు. వారిని ఒకసారి స్త్రీ వైద్య నిపుణురాలి దగ్గరికి పంపండి. ఆ ఖర్చు ఆపరేషన్ బిల్లులో పదో వంతు కూడా ఉండదు.