డాస్ యంత్రంలో నెట్‌వర్క్ ప్రోగ్రాములకు మెమరీ కేటాయింపు

క్లిప్పర్‌లో రాసిన లెక్కల ప్రోగ్రాము పాత కంప్యూటర్‌లో విడిగా చక్కగా నడుస్తుంది. అదే కంప్యూటర్‌ను నెట్‌వేర్ సర్వర్‌కు కలపగానే ‘మెమరీ చాలదు’ అని ఆగిపోతుంది. యంత్రంలో చూస్తే 4 మెగాబైట్లున్నాయి! పాత కార్యాలయ ఫైళ్లను వేరే కంప్యూటర్‌కు చేర్చవలసిన వారికి ఈ చిక్కు నేటికీ ఎదురవుతుంది.

ఇందుకు మరికొంత ర్యామ్ కొనడం వృథా ఖర్చు. ఆత్మకూరు ప్రాంత విద్యార్థులు వెలుగోడు జలాశయాన్ని తలచుకోండి. జలాశయం నిండినా పొలానికి చేరేది కాలువ మోసినంతే. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.లోని 8088 ప్రాసెసర్ 1 మెగాబైటు వరకే చేరుకోగలదు. అందులో 640 కిలోబైట్లు ప్రోగ్రాములకు, పైనున్న 384 వీడియో కార్డు, రోమ్‌లకు కేటాయించారు. తరువాతి యంత్రాల్లోనూ డాస్ ఈ హద్దునే పాటించింది. నెట్‌వర్క్ కార్డు డ్రైవరు, ప్రోటోకాల్, షెల్ మీ ప్రోగ్రాముకన్నా ముందే ఆ 640లో చేరి, తొలగించేవరకు అక్కడే ఉంటాయి.

1991లో వచ్చిన డాస్ 5 దీనికి దారి చూపింది. 386 ప్రాసెసర్ ఉంటే కాన్ఫిగ్.సిస్ ఫైలులో మొదట హైమెమ్.సిస్, తరువాత ఈఎంఎం386ను ‘నోఈఎంఎస్’ పదంతో, ఆపై ‘డాస్=హై,యుఎంబి’ రాయాలి. హైమెమ్.సిస్ మాత్రం ఈఎంఎం386 కన్నా ముందే ఉండాలి. దీనితో డాస్‌లో చాలా భాగం 1 మెగాబైటు పైకి వెళుతుంది. 384లోని ఖాళీలూ వాడకానికి వస్తాయి. ప్రోగ్రాముకు ఎక్స్‌పాండెడ్ మెమరీ అవసరమైతే ‘నోఈఎంఎస్’ బదులు ‘ర్యామ్’ అని రాయండి.

ఇక ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో నెట్‌వర్క్ ఆదేశాల ముందు ‘లోడ్‌హై’ చేర్చండి. ఎల్ఎస్ఎల్, కార్డు డ్రైవరు, ఐపిఎక్స్ఓడిఐ, నెట్ఎక్స్ ఈ క్రమంలోనే రావాలి. మౌస్ డ్రైవరు వీటి తరువాతే. పై ఖాళీ కొంచెమే కనుక అది నెట్‌వర్క్‌కే దక్కాలని నా అభిప్రాయం.

ఇక్కడొక ప్రమాదముంది. కొన్ని నెట్‌వర్క్ కార్డులు ఆ 384లోనే తమ సొంత మెమరీని పెట్టుకుంటాయి. ఈఎంఎం386 దానిని గుర్తించకపోతే లాగిన్ సమయంలో యంత్రం స్తంభిస్తుంది. కార్డు చిరునామా డి000 నుండి డి3ఎఫ్ఎఫ్ వరకు అయితే, ఈఎంఎం386 వరుసలో ‘ఎక్స్=డి000-డి3ఎఫ్ఎఫ్’ అని చేర్చి ఆ భాగాన్ని మినహాయించాలి.

అభ్యాసం: నెట్‌వర్క్ లేకుండా, నెట్‌వర్క్‌తో, ‘లోడ్‌హై’ చేర్చిన తరువాత – మూడుసార్లు ‘మెమ్ స్లాష్ సి’ ఆదేశమిచ్చి, నడపగల అతిపెద్ద ప్రోగ్రాము పరిమాణాన్ని రాసుకోండి. మూడోసారి ఒక్కొక్క పేరు ఏ మెమరీలో ఉందో కూడా చూడండి. పైన చోటు చాలకపోతే ‘లోడ్‌హై’ ఏ సందేశమూ ఇవ్వకుండా దానిని మళ్లీ 640లోనే పెడుతుంది.