ఖరీదైన ఇయర్‌ఫోన్... చెవి దాకా చేరేదెంత?

ఇయర్‌ఫోన్ల కోసం పదివేలు, పాతికవేలు పెట్టేవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలోనూ ఎక్కువయ్యారు. తీరా ఫోన్‌కి తగిలించి విన్నాక ‘ఇంతేనా!’ అని పెదవి విరిచేవాళ్లకూ తక్కువ లేదు. చాలాసార్లు తప్పు ఇయర్‌ఫోన్‌ది కాదు. ఫైల్లోంచి బయల్దేరిన పాట కర్ణభేరిని తాకేలోపు దారిలో ఎక్కడో కొంత పోగొట్టుకుంటుంది. అది ఎక్కడ పోతోందో తెలిస్తే సగానికి సగం లోపాలను పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు. ఆ దారి పొడవునా ఉన్న విశేషాలివి.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీ వారసత్వం

ఇయర్‌ఫోన్ పిన్ను పుట్టింది పాటల కోసం కాదు. 19వ శతాబ్దం చివర్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు లైన్లు కలపడానికి వాడిన 6.35 మిల్లీమీటర్ల పిన్నే దీనికి మూలం. దాన్ని కుదించి చేసిన 3.5 మి.మీ. పిన్ను ట్రాన్సిస్టర్ రేడియోల్లో కుదురుకుంది. 1979లో వచ్చిన సోనీ వాక్‌మన్‌తో ప్రపంచమంతా పాకింది. 2016లో ఐఫోన్ 7 ఆ పిన్ను పెట్టే రంధ్రాన్ని తీసేశాక మిగతా కంపెనీల్లో ఎక్కువ భాగం అదే బాట పట్టాయి. హెడ్‌ఫోన్ విషయానికొస్తే, 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియెల్ బాల్డ్విన్ తన వంటగదిలో తయారుచేసిన జతలను మొదట కొన్నది అమెరికా నౌకాదళం.

సగం దిగితే గొంతు మాయం

పిన్ను మీద నల్లటి గీతలుంటాయి చూడండి. మైకు ఉన్న పిన్నుకు మూడు గీతలు, అంటే నాలుగు భాగాలు. కొస ఎడమ చెవికి, దాని పక్కది కుడి చెవికి, మిగిలిన రెండూ గ్రౌండ్‌కి, మైకుకి. ఫోన్ కవర్ అడ్డుపడి పిన్ను పూర్తిగా దిగకపోతే గ్రౌండ్ తెగిపోతుంది. అప్పుడు రెండు వైపుల శబ్దాల మధ్య తేడా మాత్రమే మనకు వినిపిస్తుంది. ఎస్పీ బాలు పాటే అనుకుంటే, ఆయన గొంతు రెండు వైపులా సమానంగా రికార్డయి ఉంటుంది కాబట్టి అది చెరిగిపోతుంది. వయొలిన్లు, కోరస్ మాత్రం బావిలోంచి వస్తున్నట్టు వినిపిస్తాయి. పాత నోకియా తరం ఇయర్‌ఫోన్లు కొన్నింటిలో గ్రౌండ్, మైకు స్థానాలు తారుమారుగా ఉండేవి. వాటిని ఇప్పటి ఫోన్లకు పెట్టినా ఇదే తంతు. మైకు బటన్ నొక్కి పట్టుకోగానే గొంతు తిరిగొస్తే లోపం అదేనని ఖాయం చేసుకోవచ్చు.

పెత్తనమంతా రబ్బరు ముక్కదే

సెన్‌హైజర్ ఐఈ 900 అనే ఇయర్‌ఫోన్ 2021లో 1,299 యూరోల ధరతో వచ్చింది. అంటే మన డబ్బుల్లో లక్ష దాటింది. అంత ఖరీదైనదైనా సరే, కొసన తొడిగే రబ్బరు టిప్ చెవి రంధ్రాన్ని గాలి చొరకుండా మూయకపోతే మొదట పోయేది బేస్. మృదంగం ఎడమవైపు దెబ్బ డొల్లగా వినిపిస్తోందంటే టిప్ సైజు కుదరలేదన్నమాట. కొన్నప్పుడు బిగించి ఉన్న మధ్య సైజుతోనే సరిపెట్టుకోకుండా డబ్బాలో ఇచ్చినవన్నీ పెట్టి చూడాలి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపడాలని లేదు. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని కాస్త పైకీ వెనక్కీ లాగితే రంధ్రం నిటారుగా అవుతుంది, టిప్ సరిగ్గా కూర్చుంటుంది. ఫోమ్ టిప్ అయితే వేళ్లతో నలిపి సన్నగా చేసి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా కొన్ని సెకన్లు కదలకుండా పట్టుకోవాలి.

చెవికీ ఓ శ్రుతి ఉంది

మన చెవి రంధ్రం సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం. ఆ పొడవు వల్ల 3,000 హెర్ట్జ్ ప్రాంతపు శబ్దాలను అది సహజంగానే పెంచి వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్ పెట్టగానే గొట్టం మూసుకుపోయి ఆ సహజ గుణం మారిపోతుంది. అందుకని ఆ పెంపును ఇయర్‌ఫోనే తనలో కలుపుకొని ఇవ్వాలి. ఎంత కలపాలన్నది తేల్చడానికి హార్మన్ కంపెనీలో షాన్ ఓలివ్ బృందం ఎంతోమంది శ్రోతలతో పరీక్షలు చేసింది. అలా వచ్చిన ‘హార్మన్ టార్గెట్’ను ఇవాళ చాలామంది తయారీదారులు కొలబద్దగా వాడుతున్నారు. మీ జత దానికి ఎంత దూరంలో ఉందో చూపి, ఈక్వలైజర్‌తో సరిదిద్దే వేవ్‌లెట్ లాంటి యాప్‌లు ఆండ్రాయిడ్‌లో ఉన్నాయి. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. బేస్‌ను 6 డెసిబెల్స్ పెంచితే యాప్‌లోని ప్రీయాంప్‌ను 6 డెసిబెల్స్ తగ్గించాలి. లేదంటే పెద్ద శబ్దాలు పగిలిపోతాయి.

వినికిడి యంత్రం చేసిన మేలు

ఖరీదైన ఇయర్‌ఫోన్లు ఎన్నింటిలోనో ఉండే ‘బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్’ అనే బుల్లి స్పీకర్ వినికిడి యంత్రాల నుంచి వచ్చింది. 1946లో మొదలైన అమెరికా సంస్థ నోల్స్ వీటి తయారీలో పేరున్నది. 1991లో ఎటిమోటిక్ సంస్థ ఈఆర్-4తో ఆ పరిజ్ఞానాన్ని సంగీత ప్రియులకు అందించింది. 1995లో సౌండ్ ఇంజినీర్ జెర్రీ హార్వీ వేదిక మీది హోరు నుంచి డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ చెవులను కాపాడేందుకు ప్రత్యేకంగా ఒక జత చేశారు. అల్టిమేట్ ఇయర్స్ సంస్థ పుట్టుక వెనక ఉన్న కథ అదే. ఇప్పుడు ‘ఐఈఎమ్’ (ఇన్-ఇయర్ మానిటర్) పేరుతో మనం కొంటున్నవన్నీ ఆ కోవలోవే.

9 ఓమ్‌ల పేచీ

2013లో వచ్చిన షూర్ ఎస్ఈ846లో ఒక్కో వైపు నాలుగు ఆర్మేచర్లుంటాయి. దాని నిరోధం 9 ఓమ్‌లే. పైగా ఆర్మేచర్ల నిరోధం అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. దాన్ని నడిపే ఫోన్ లేదా యాంప్లిఫయర్ (యాంప్) సొంత నిరోధం ఎక్కువైతే ఇయర్‌ఫోన్ స్వభావమే మారిపోతుంది. ఒకచోట బేస్ తగ్గవచ్చు, మరోచోట ట్రెబుల్ పొడుచుకు రావచ్చు. పరికరం నిరోధం ఇయర్‌ఫోన్ నిరోధంలో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క. 16 ఓమ్‌ల జతకు 2 ఓమ్‌లు, 9 ఓమ్‌ల జతకు సుమారు 1 ఓమ్. ఫోన్‌కీ ఇయర్‌ఫోన్‌కీ మధ్య పెట్టే డాంగిల్ కొనేముందు దాని నిరోధం ఎంతో ఒక్కసారి చూసుకోండి.

వాటులో పదిలక్షల వంతు చాలు

1 మిల్లీవాట్‌కు 105 డెసిబెల్స్ ఇచ్చే ఇయర్‌ఫోన్‌తో 75 డెసిబెల్స్ స్థాయిలో పాట వినడానికి ఎంత విద్యుత్తు కావాలి? మిల్లీవాట్‌లో వెయ్యో వంతు, అంటే వాటులో పదిలక్షల వంతు. 1 వోల్టు ఇచ్చే చిన్న డాంగిల్ 32 ఓమ్‌ల జతకు 31 మిల్లీవాట్ల దాకా ఇవ్వగలదు. కాబట్టి మామూలు ఇయర్‌ఫోన్లకు పెద్ద యాంప్ అక్కర్లేదు. అదనపు శక్తి కోసం వాడే 4.4 మి.మీ. బ్యాలెన్స్‌డ్ పిన్ను లేదని బెంగపడనూ అక్కర్లేదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్ల సంగతి వేరు. వాటికి అదనపు వోల్టేజీ ఉంటేనే నిండుదనం.

డాంగిల్ అంటే చిన్న సంగీత యంత్రం

పాట ఫోన్‌లో అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెలను విద్యుత్ తరంగంగా మార్చే చిప్‌ను డ్యాక్ అంటారు. మనం డాంగిల్ అని పిలిచే చాలా తీగముక్కల్లో డ్యాక్, యాంప్ రెండూ ఇమిడి ఉంటాయి. యాపిల్ 9 డాలర్లకు అమ్మిన యూఎస్‌బీ-సి డాంగిల్ అమెరికా రకం 1 వోల్టు ఇస్తుంది. యూరప్ రకం దానిలో సగమే ఇస్తుంది. అదే డాంగిల్ కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పూర్తి వాల్యూమ్ ఇవ్వదు. ఇక చిప్ లేని ఉత్త తీగ అడాప్టర్లూ బజారులో ఉన్నాయి. సి-పోర్టులోంచే తరంగాన్ని పంపే ఫోన్లకు మాత్రమే అవి పనికొస్తాయి. మిగతావాటికి తగిలిస్తే శబ్దమే రాదు.

అన్ని శబ్దాలూ ఒకే మూటలో

పాట వింటుండగా మెసేజ్ వస్తే రెండూ కలిసి వినిపిస్తాయి కదా. దానికోసం ఆండ్రాయిడ్ అన్ని యాప్‌ల శబ్దాలనూ ఒకే రేటుకు మార్చి కలుపుతుంది. చాలా ఫోన్లలో ఆ రేటు సెకనుకు 48,000 నమూనాలు. సీడీ పాట 44,100తో ఉన్నా దాన్నీ మార్చాల్సిందే. ఈ మార్పు లేకుండా వినాలంటే యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్‌లు సొంత దారిలో డాంగిల్‌కు పాటను పంపుతాయి. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 యూఎస్‌బీ ద్వారా పాటను మార్చకుండా పంపే వీలును వ్యవస్థలోనే చేర్చింది. ఐఫోన్‌లో 48,000 దాటిన యాపిల్ మ్యూజిక్ పాటలు పూర్తి నాణ్యతతో రావాలంటే బయటి డ్యాక్ తప్పదు.

బ్లూటూత్‌కు రెండు వైపులూ కలవాలి

బ్లూటూత్ పాటను కుదించే పంపుతుంది. ఎలా కుదించాలో చెప్పే పద్ధతే కోడెక్. అన్ని పరికరాల్లోనూ ఉండే ఎస్‌బీసీ సెకనుకు సుమారు 328 కిలోబిట్లు పంపుతుంది. సోనీ రూపొందించిన ఎల్‌డ్యాక్ 330, 660, 990 అనే మూడు అంచెల్లో పనిచేస్తుంది. 2017లో ఆండ్రాయిడ్ 8 నుంచి అది ఆండ్రాయిడ్‌లో భాగమైంది. ఐఫోన్‌లో ఎల్‌డ్యాక్ లేదు, అక్కడ ఏఏసీ కోడెకే గతి. కాబట్టి ఐఫోన్ ఉన్నవాళ్లు ఎల్‌డ్యాక్ ముద్ర చూసి డబ్బు ఎక్కువ పెట్టడం దండగ. ఆండ్రాయిడ్ వాళ్లు బ్లూటూత్ సెట్టింగుల్లో ఆ జత పేరు తెరిచి, ఎల్‌డ్యాక్ మీట ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. చాలా జతలకు అది మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది. బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే తెరుచుకునే డెవలపర్ ఆప్షన్లలో నాణ్యతకు ప్రాధాన్యం కూడా ఎంచుకోవచ్చు. రద్దీ రైల్వే స్టేషన్లో పాట తెగుతుంటే 660కి దిగండి.

కాల్ వస్తే పాట ఎందుకు పాడవుతుంది?

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైకు తెరుచుకోగానే పాత తరహా బ్లూటూత్ ‘కాల్’ పద్ధతికి మారిపోతుంది. శబ్దం మోనో అయిపోతుంది, పై స్వరాలు తెగిపోతాయి. ఆన్‌లైన్ మీటింగు మధ్యలో పాట పెట్టి ఇయర్‌ఫోన్‌ను తిట్టుకుంటే అది చేయగలిగిందేమీ లేదు.

12 ఎంబీ, 53 ఎంబీ

ఎంపీ3 రూపకర్తల్లో ఒకరైన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ తన పద్ధతిని సానపట్టడానికి సుజాన్ వేగా పాడిన ‘టామ్స్ డైనర్’ను పదేపదే విన్నారు. వాయిద్యాల్లేని ఒంటరి గొంతులో కుదింపు లోపం ఇట్టే దొరికిపోతుంది. 5 నిమిషాల పాట సీడీ నాణ్యతలో సుమారు 53 ఎంబీ, 320 కిలోబిట్ల ఎంపీ3లో 12 ఎంబీ. 2001లో వచ్చిన ఫ్లాక్ ఏ సమాచారాన్నీ పారేయకుండానే సీడీ ఫైలును బాగా చిన్నది చేస్తుంది. ఇక మ్యూజిక్ యాప్‌లలో నాణ్యత తరచూ ‘ఆటోమేటిక్’ అని ఉంటుంది, సిగ్నల్ తగ్గితే నాణ్యతా తగ్గుతుంది. దాన్ని గరిష్ఠానికి మార్చి, ఇంట్లో వైఫై ఉన్నప్పుడే పాటలు డౌన్‌లోడ్ చేసుకుంటే సరి.

192 కిలోహెర్ట్జ్ ఫైళ్ల కోసం ఆరాటం అక్కర్లేదు

సెకనుకు 44,100 నమూనాలతో 22,050 హెర్ట్జ్ వరకు ఉన్న శబ్దాన్ని పూర్తిగా పట్టవచ్చు. మనిషి చెవి 20,000 దాటితే వినలేదు, వయసుతో ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు పరిశోధకులు హై-రెజల్యూషన్ రికార్డింగులను సీడీ నాణ్యతతో పోల్చి వినిపించారు. 554 పరీక్షల్లో శ్రోతలు సరిగ్గా చెప్పింది 276 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 2016లో జాషువా రైస్ 18 అధ్యయనాలను కలిపి లెక్కగడితే సరైన జవాబులు 52.3 శాతం తేలాయి. తేడా ఉన్నా అది అంత సన్నం. హై-రెజల్యూషన్ కోసం పెట్టే డబ్బు మంచి టిప్‌ల మీద పెడితే ఎక్కువ లాభం.

ఘంటసాల పాటే పరీక్ష

1950, 60లలో వచ్చిన ఘంటసాల సినిమా పాటలు మోనోలో రికార్డయ్యాయి. రెండు చెవులకూ ఒకే శబ్దం వెళ్తుంది కాబట్టి గొంతు సరిగ్గా తల మధ్యలో నిలవాలి. ఓ పక్కకు ఒరిగిందంటే ఆ రెండో వైపు టిప్ సరిగా కూర్చోలేదు, లేదా జాలీలో గుబిలి చేరింది. ఇయర్‌ఫోన్‌ను కిందికి వంచి పట్టుకుని పొడి బ్రష్‌తో మెల్లగా దులపండి. నీళ్లు, స్పిరిట్ లోపలికి పోనివ్వకండి. అప్పటికీ ఒరిగే ఉంటే ఎడమ, కుడి మార్చి పెట్టుకుని చూడండి. గొంతు మళ్లీ అదే పక్కకు ఒరిగితే తేడా ఇయర్‌ఫోన్‌లో లేదు, చెవిలో ఉంది. చెవి డాక్టరుకు చూపించుకోవాలి.

గట్టిగా ఉన్నదే మంచిదనిపిస్తుంది

తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్ మరీ తక్కువగా వినిపిస్తుందని 1933లోనే బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. అందుకే రెండు జతలను పోల్చేటప్పుడు కాస్త గట్టిగా మోగేదే గెలుస్తుంది. రెంటినీ ఒకే వాల్యూమ్‌కు తెచ్చి వింటేనే న్యాయమైన తీర్పు. దుకాణంలో కొనేముందు ఈ పని తప్పక చేయండి.

చివరిగా, మార్చలేనిది ఒక్కటే

పెద్దవాళ్లు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ స్థాయిలో వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి పెట్టింది. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. పిల్లలకైతే 40 గంటలకు హద్దు 75 డెసిబెల్సే. బస్సు హోరును మించి పాట వినాలని వాల్యూమ్ పెంచేవాళ్లకు ఈ గంటలు ఇట్టే అయిపోతాయి. బయటి శబ్దాన్ని సరిగ్గా మూసే టిప్ ఇక్కడా అక్కరకొస్తుంది, తక్కువ వాల్యూమ్‌లోనే పాట స్పష్టంగా అందుతుంది. అందుకే ముందు టిప్, తర్వాత యాప్‌లోనూ బ్లూటూత్‌లోనూ సెట్టింగులు, ఆ తర్వాత అవసరమైతేనే డాంగిల్ అనే వరస పాటించండి. ఇయర్‌ఫోన్ పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. లోపలి చెవిలోని సున్నితమైన కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ మొలవవు. వాటిని కాపాడుకుంటూ వినండి.