మనోవ్యాధియు లోకనిందయు

పిచ్చి కుదిరినగాని పెండ్లి కుదరదు, పెండ్లి కుదిరినగాని పిచ్చి కుదరదని మనవారిలో నొక సామెత కలదు. దానిని విని నవ్వువారే గాని, యందలి క్రూరత్వమును గుర్తించువా రరుదు. కుమారుని చిత్తరోగమునకు వివాహమే యౌషధమని తలంచి, రోగమును దాచి, యన్యగృహమునుండి యొక కన్యను దెచ్చుట నేటికిని పూర్తిగా నశింపలేదు. మనోవ్యాధిని వ్యాధిగా గాక వంశమునకు గలిగిన మచ్చగా నెంచుటయే దీనికి మూలము.

తెలంగాణమున ‘ఎర్రగడ్డ’ యను మాట యూరిపేరుగా గాక తిట్టుగా వాడబడుచున్నది. నిజాము రాజ్యమున 1895లో జాల్నాయందు నెలకొల్పబడిన మానసిక చికిత్సాలయమే 1953లో హైదరాబాదునకు, ఎర్రగడ్డకు తరలివచ్చినది. నాడు కోదాడవారికి మహారాష్ట్ర దేశమందలి జాల్నా యెంత దూరమో, నేడు రాజమార్గముపై కొన్ని గంటల ప్రయాణములో నున్న యెర్రగడ్డయు మనసున కంత దూరముగనే యున్నది. జ్వరము వచ్చినచో బహిరంగముగా వైద్యునికడ కేగువారు, నిద్రపట్టక, నిరాశతో గృశించు తమవారిని మాత్రము ఇరుగుపొరుగున కెరుకపడకుండ దాచుచున్నారు.

ఈ దాపరికమున కగు నష్టము స్వల్పము కాదు. 2015–16లో జరిగిన జాతీయ మానసికారోగ్య పరిశీలనలో, వయోజనులలో నూటికి పదిమందికి పైగా నేదో యొక మనోవ్యాధితో బాధపడుచున్నట్లు తేలినది. ఆయా వ్యాధులలో చికిత్స యందనివారు నూటికి 70 మొదలు 92 వర కుండిరి.

దైవముపై గల విశ్వాసమును మేము నిందింపము. మ్రొక్కు చెల్లించుకొన్నవాడు మందు మానవలసిన పని లేదు. కాని దయ్యము పట్టినదని కొట్టుటయు, సంకెలలు వేయుటయు భక్తి కాదు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడియందు పాక కంటుకొన్న యగ్నిలో, గొలుసులతో బంధింపబడిన రోగులు 28 మంది పారిపోవ వీలులేక మరణించిరి. ఆ గొలుసులు వేసినవారు పరాయి ప్రభువులు కారు.

పరప్రభుత్వము చేసిన 1912 నాటి ఉన్మాదుల చట్టము స్వరాజ్యము వచ్చిన పిమ్మటను నలువదియైదేండ్లకు పైగా నిలిచి, 1993లో గాని తొలగలేదు. 2018లో అమలునకు వచ్చిన మానసికారోగ్య సంరక్షణ చట్టము మాత్రము చికిత్సను ప్రతిపౌరుని హక్కుగా జేసినది. రోగులను గొలుసులతో గట్టుటను నిషేధించినది. ఆత్మహత్యకు యత్నించినవానిని నేరస్థునిగా గాక తీవ్రవేదనకు లోనైనవానిగా భావింపవలెనని శాసించినది. సాధారణ వైద్యముతోపాటు మానసిక వైద్యమును అన్ని స్థాయిల వైద్యశాలలయందును లభింపజేయు బాధ్యత ప్రభుత్వముపై నుంచినది.

కావున కోదాడ ప్రజలు దీనిని దయాభిక్షగా గాక హక్కుగా నడుగవలెను. తమ పట్టణమందలి ప్రభుత్వ వైద్యశాలలో నియతదినములందు మానసిక వైద్యుడును, మందులును లభించునట్లు ప్రతినిధులను నిలదీయవలెను. సూర్యాపేటలో 2019లో ప్రారంభమైన వైద్యకళాశాల సమీపముననే యున్నది. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వ మారంభించిన 14416 అను టెలిఫోను సహాయము తెలుగునను, అహోరాత్రములును, ఉచితముగ లభించుచున్నది. ఊరు విడువక, పేరు బయటపడక మొదటి సలహా పొందుట కిది చాలును.

చట్టము సంకెలను నిషేధింపగలదు గాని నింద నాపజాలదు. ఆ పని యుపాధ్యాయులును, గ్రామపెద్దలును, ముఖ్యముగ దల్లిదండ్రులును చేయవలసినది. వ్యాధిగ్రస్తుని ‘పిచ్చివా’డని పిలుచుట మానిన నాడే వానిని వైద్యునికడకు గొనిపోవుటకు వాని తల్లికి ధైర్యము కలుగును.